చెరువు పేజీ: ప్రాజెక్టు డైరీ

రోహిణి కార్తె

పనేంటో ముందు రాసిపెడతాను. మా ఊరి పెద్దచెరువుకు ఇంటర్నెట్‌లో ఒక పేజీ కావాలి. ఆ ఒక్క పేజీ మీదే మూడు పనులు నడవాలి. చెరువు సంగతులు ఊరివాళ్లు రాసుకోవాలి. హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు అదే కంప్యూటర్ పాఠం కావాలి. ఎగువ చెరువు నుంచి మాకు నీళ్లు తెచ్చే కాల్వ పూడిపోయింది కాబట్టి, దాని గురించి ఆఫీసులను అడిగే కాగితాలన్నీ ఒకచోట ఉండాలి.

పిల్లలను సోషల్ సార్ చూసుకుంటారు. అర్జీలు యువజన సంఘం పని. సార్ ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి అర్జీల జోలికి రారు. పిల్లల పేర్లు ఎక్కడా రాయం. ఇవి ముందే తేల్చుకున్నాం. టైపింగు, పేజీ, మ్యాపు నా వంతు. మండల కేంద్రంలో చాలాకాలం డీటీపీ షాపు నడిపాను. పెళ్లికార్డుల నుంచి ఎలక్షన్ కరపత్రాల దాకా ప్రూఫులు దిద్దిన చెయ్యి.

ఏ కొత్త యాప్ ఎవరు తెచ్చినా మూడు ప్రశ్నలు అడగాలని ల్యాబ్ బోర్డు మీద సుద్దముక్కతో రాశాం. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా పాత ఫోన్లో తెరుచుకుంటుందా? అచ్చు తీసి గోడకంటిస్తే పనికొస్తుందా? నేను ఊళ్లో లేకపోతే ఇంకొకరు నడపగలరా? మూడింటికీ అవునంటేనే తీసుకోవడం. ఖర్చంటారా, ప్రింట్లు, పోస్టు. అంతకు మించి పైసా పెట్టేది లేదు.

"వాట్సాప్ గ్రూపు ఉండంగ ఇదెందుకన్నా?" అన్నాడు సంఘం కుర్రాడొకడు. వాట్సాప్ వాగు, బ్లాగు చెరువు అన్నాను. పోయినేడు మత్తడి (అలుగు) దుంకినప్పుడు తీసిన వీడియో గ్రూపులో వెతికి చూపించమన్నాను. గుడ్‌మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకుల కింద ఎక్కడో ఉంది, దొరకలేదు. అలాగని గ్రూపును వదలడం లేదు. కబురు గ్రూపులోనే వెళ్లాలి, కాగితం మాత్రం పేజీలో నిలవాలి.

మృగశిర

బడి తెరిచారు. పేజీ ఎక్కడ పెట్టాలన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. ఉచితంగా బ్లాగు పెట్టుకునే బ్లాగర్‌లో పెట్టాం. 1999లో పుట్టి, 2003లో గూగుల్ చేతికి వెళ్లిన పాతకాపు అది. ఈ రోజుల్లో పేరెత్తితే నవ్వేవాళ్లున్నారు. నా మటుకు నాకు దాని పాతదనమే నచ్చింది. వీవెన్ చేసిన లేఖినిలో టైపు చేసుకుని, కూడలిలో ఒకరి రాతలు ఒకరు చూసుకుని తెలుగువాళ్లు బ్లాగులు రాసిన కాలం ఒకటుంది. వాటిల్లో చాలా బ్లాగులు ఇప్పటికీ బ్లాగ్‌స్పాట్ అడ్రసుల్లో అలాగే తెరుచుకుంటున్నాయి, రాసినవాళ్లు మరిచిపోయినా. ఎవరూ డబ్బు కట్టకుండా అన్నేళ్లు నిలబడింది చాలదా?

తెలుగులో పేజీ పెట్టేవాళ్లు అడ్రసు విషయం మొదట్లోనే చూసుకోవాలి. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్ దాన్ని చదవదు. ప్రతి టపాకూ 'బ్లాగ్-పోస్ట్' అని ఒకే రకం పేరు పెట్టి చివర అంకె తగిలిస్తుంది. మూడు నెలలు పోతే ఏ లింకు దేనిదో మనకే తెలియదు. పబ్లిష్ నొక్కకముందే పర్మాలింక్ (ఆ టపా అడ్రసు) దగ్గరికెళ్లి ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు ఇవ్వాలి. తెలుగులోనే అడ్రసు ఇచ్చే సైట్లూ ఉన్నాయి. బ్రౌజర్‌లో అందంగానే కనబడుతుంది. దాన్ని కాపీ చేసి మెసేజ్‌లో అతికిస్తే తెలుగు గుర్తు ఒక్కోటీ శాతం గుర్తులూ అంకెలూ కలిసి 9 అక్షరాల తోక అవుతుంది. 'చెరువు'లో అచ్చుగుర్తులతో కలిపి 6 ఉన్నాయి. ఆ చిన్న మాటకే 54 అక్షరాలు. అలాంటి లింకు చూస్తే జనం వైరస్ అనుకుని నొక్కరు.

టెంప్లేట్‌లోని అలంకారాలన్నీ పీకేశాం. వెబ్ ఫాంట్ పెట్టలేదు. ఫోన్లో ఎలాగూ తెలుగు ఫాంట్ ఉంటుంది, దాన్నే వాడుకోనిద్దాం.

ఆరుద్ర

ల్యాబ్‌లో కంప్యూటర్లున్నాయి, నెట్ లేదు. మొదట అయ్యో అనుకున్నారు గానీ, సార్‌కు ఇదే కలిసొచ్చింది. వెబ్ పేజీ రాయడానికి నెట్ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో రాసి, హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేసి, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు.

నా ఫోన్ హాట్‌స్పాట్ మీద పిల్లలకు మొదట చూపించింది సెర్న్ సైటు, అంటే యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రానిది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో అక్కడ పెట్టిన మొదటి వెబ్‌సైట్ పాత ప్రతిని వాళ్లు మళ్లీ అదే అడ్రసులో నిలబెట్టారు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, తెల్ల కాగితం మీద రాతలు, వాటి మధ్య లింకులు. "గింతేనా?" అన్నదొక పిల్ల. అంతే. ఆ అంతకే 1993 ఏప్రిల్ 30న సెర్న్ తలుపులు తీసి, ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చంది. అందుకే మన చెరువు గురించి రాయడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదని సార్ పాఠం ముగించారు. సోషల్ సార్ కదా, కంప్యూటర్ క్లాసులోనూ స్వాతంత్ర్యం దగ్గరికే వెళ్తారు.

పిల్లలు నేర్చినవి నాలుగే. శీర్షిక, పేరా, బొమ్మ, లింకు. అయిదోది నేను పట్టుబట్టి నేర్పించాను. పైన ఈ పేజీ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) అని ఒక వరుస, భాష తెలుగు అని ఒక మాట రాయాలి. ల్యాబ్‌లో పాత విండోస్ మెషిన్లు. నోట్‌ప్యాడ్ తనంతట తాను తెలుగు పట్టని యాన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేయబోతుంది. మధ్యలో హెచ్చరిక పెట్టె వస్తుంది, దాన్ని చదవకుండా ఓకే కొడితే తెలుగంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది. ఒక బెంచి మొత్తానికి అలాగే అయింది. "చెరువు గురించి రాస్తే అన్నీ ప్రశ్నలే వచ్చినయ్ సార్!" అని గోల. సేవ్ పెట్టె కింద ఎన్‌కోడింగ్ అనే చిన్న మెనూ ఉంటుంది. ఆ రోజు దాన్ని అందరూ చూశారు, ఇక మరిచిపోరు.

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడుతుంది. అయినా పిల్లల పేజీల్లో పెద్దది కూడా ఒక ఫోన్ ఫొటో బరువులో వందో వంతు లేదు. బొమ్మలు పెట్టేముందు చిన్నవి చేయాలని చెప్పడానికి ఈ లెక్క ఒక్కటే సరిపోయింది.

పుష్యమి

వానల్లేవు. కట్ట మీద కూర్చుని రాతల పని.

చెరువు చరిత్ర మీద బడి వార్షికోత్సవ సంచికలో మంచి వ్యాసం ఉంది. ఫైలు కూడా దొరికింది. తెరిస్తే అను ఫాంట్లలో చేసింది. కొత్తవాళ్లకు ఇది ఎందుకు తలనొప్పో చెప్పాలి. పాత డీటీపీ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు, ఇంగ్లిష్ అక్షరాలనూ గుర్తులనూ. పైన ఫాంట్ ముసుగు వేసుకుంటే మన కంటికి తెలుగు. ముసుగు తీసి బ్లాగులో అతికిస్తే పిచ్చి గీతలు. తెలుగు జిల్లాల్లో ఎన్ని కరపత్రాలు, ఎన్ని సావనీర్లు ఈ రకంగా సీడీల్లో మూలుగుతున్నాయో! వాటిల్లో ఏదీ గూగుల్‌లో వెతికితే దొరకదు. కన్వర్టర్లున్నాయి. అవి యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలోకి మార్చిపెడతాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి. పేజీకి ఒకసారి పిల్లలు, ఒకసారి నేను చదివాం. ప్రూఫు దిద్దడం కంటే గొప్ప తెలుగు పాఠం లేదని నా నమ్మకం. సార్ ఒప్పుకోరు.

రెండో వనరు నీరటి తాత. తూము తీసి పొలాలకు నీళ్లు వదిలిన కుటుంబం. ఫోన్లో మాటలు రికార్డు చేశాం. "తూము కాడ రాయి మీద గీతుంటది బిడ్డా. నీళ్లు గా గీత ముట్టినయంటే కింద రెండో పంటకు భయంలేదు" అన్నాడు. ఆ గీత ఎక్కడుందో చూపించాడు. పిల్లలు సున్నం రాసి ఫొటో తీశారు. వాయిస్ టైపింగ్‌తో తాత మాటలను రాతలోకి తేబోతే, 'గా', 'గింత', 'ముట్టినయ్' అన్నవన్నీ వేరే మాటలయ్యాయి. చేత్తో టైపు చేశాం. ఆయన మాట ఆయన మాటలాగే ఉండాలి. పేజీలో ఎక్కువమంది చదివిన టపా ఇదే అవుతుందని అప్పుడే అనిపించింది.

ఆశ్లేష

మ్యాపు. ఇది పెద్ద పని, కొంచెం వివరంగా రాస్తాను.

ఓరుగల్లు ప్రాంతంలో చెరువులు ఒంటరివి కావు. రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్దవాటిని కాకతీయుల కాలం వాటిగా లోకమంతా చెప్పుకుంటుంది. ఊళ్లలో మాత్రం గొలుసుకట్టు ఉంటుంది. ఎగువ చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కాల్వ పట్టుకుని దిగువ చెరువుకు రావాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులు చాలా ఉన్నాయి. మా కట్ట మీదా ఆ బోర్డు ఉంది. చెరువు లోతయింది. దానికి నీళ్లు తెచ్చే కాల్వ మాత్రం రోడ్డు పక్కన ప్లాట్ల మట్టితో, ఇళ్లు కూలగొట్టిన ఇటుక పెళ్లలతో నిండుతోంది. గొలుసులో ఒక్క కొండి తెగితే కింద ఎంత తవ్వినా ఏం లాభం? ఈ మాట ఊళ్లో అందరికీ తెలుసు. మ్యాపు మీద పెడితే తప్ప ఆఫీసులో దాన్ని ఎవరికీ చూపించలేం.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తీసుకున్నాం. 2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన మ్యాపు, ఎవరైనా దిద్దొచ్చు. మా ఊరు అందులో ఒక గీత, ఒక చుక్క. చెరువు లేదు. ఉపగ్రహ చిత్రం చూసి నీటి అంచు గీశాం. కట్ట, తూములు, మత్తడి పెట్టాం. పేరు తెలుగులో రాయడానికి వేరే గడి ఉంది. ఒక్క షరతు పిల్లలకు గట్టిగా చెప్పాం. గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఇందులో ఎక్కించకూడదు, అది వాళ్ల సొత్తు. మన కాళ్లతో నడిచి చూసిందీ, వాడుకోవడానికి అనుమతి ఉన్న చిత్రం మీద కనబడిందీ మాత్రమే గీయాలి. ఆ తర్వాత యూమ్యాప్ అనే సైటులో దాని మీదే మా గుర్తులు పెట్టాం. కాల్వ ఎక్కడ బాగుంది, ఎక్కడ పూడింది, కల్వర్టు ఎక్కడ మూసుకుంది. గుర్తు నొక్కితే ఫొటో వస్తుంది. దాన్ని బ్లాగులో అతికించడానికి యూమ్యాప్ ఇచ్చే కోడు ఒక్క వరుస.

సంఘంలో ఇక్కడ పెద్ద వాదన జరిగింది. "శిఖం భూమి ఎవరు కలుపుకున్నరో గూడ గీసేద్దాం" అన్నారు కొందరు. శిఖం అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి. వద్దన్నాను. చెరువు నిండి మత్తడి మీద నీళ్లు పొర్లబోయే మట్టాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ మట్టంలో నీటి అంచు ఎక్కడిదాకా వస్తుందో లెవెలింగ్ సర్వే చేసి తేల్చాలి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ చూపిస్తుంది. ఎత్తు సంగతైతే చెప్పనే వద్దు. అలాంటి గీత పట్టుకుని ఒకరిని ఆక్రమణదారు అంటే రేపు ఆయన నిజమైన సర్వే కాగితం తెచ్చి మన మొత్తం మ్యాపునే కొట్టిపారేస్తాడు. కంటికి కనబడే మట్టికుప్పను చూపిద్దాం, హద్దును వాళ్ల రికార్డులోంచే అడుగుదాం. కొంచెం చప్పగా ఉన్నా అదే నిలబడింది.

మఖ

వానలు పట్టాయి. ఊరివాళ్లు తమంతట తాము చెప్పడానికి గూగుల్ ఫారం పెట్టాం. మొదట అయిదు ప్రశ్నలు, తర్వాత మూడే. ఎక్కడ, ఏం చూశారు, ఎప్పుడు. ఫొటో అడగలేదు. ఫారంలో ఫైల్ అప్‌లోడ్ పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ అవమంటుంది. అక్కడే సగం మంది ఆగిపోతారు. ఫొటోలు సంఘం నంబరుకు వాట్సాప్ చేయమన్నాం, అదీ 'డాక్యుమెంట్'గా. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది, తేదీ, స్థలం వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అవన్నీ లోపల భద్రంగా ఉంటాయి. మా దగ్గర దాచుకునే కాపీకి ఆ వివరాలు కావాలి. పేజీలో పెట్టే కాపీలోంచి మాత్రం తీసేస్తాం. లేకుంటే ఎవరి వాకిట్లో నిలబడి తీశారో లోకానికంతా తెలిసిపోతుంది.

ఫారం జవాబులున్న షీటును ఎవరికీ బహిరంగం చేయం. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ట్రాయ్‌ది, అంటే టెలికాం నియంత్రణ సంస్థది. 2015లో నెట్ న్యూట్రాలిటీ (ఏ సైటుకైనా నెట్ ఒకేలా అందాలన్న సూత్రం) మీద ట్రాయ్ అభిప్రాయాలు అడిగింది. కుర్రకారు కొందరు ఒక సాదా వెబ్‌సైట్ కట్టారు. జవాబు ముసాయిదా అందులోనే ఉంటుంది, దిద్దుకుని మీట నొక్కితే మీ మెయిల్ నుంచే వెళ్తుంది. పది లక్షలకు పైగా మెయిళ్లు చేరాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ సైటుకో రకం వివక్ష ధరలు చెల్లవంది. అంత పెద్ద గెలుపుకు వాడిన సామాను ఒక పేజీ, ఒక మీట. కానీ మధ్యలో ట్రాయ్ ఆ మెయిళ్లన్నిటినీ పంపినవాళ్ల అడ్రసులతో సహా తన సైటులో పెట్టేసింది. ఎవరైనా దులుపుకుపోవచ్చు. ఊళ్లో అయితే ఇది ఇంకా సున్నితం. మట్టి పోసినవాడూ ఫారం నింపినవాడూ ఒకే హోటల్లో చాయ్ తాగుతారు.

పుబ్బ

సమాచార హక్కు దరఖాస్తు వెళ్లింది. కాల్వ ఎందుకు బాగుచేయలేదు అని అడగొద్దన్నాను. 2005 చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారం. ఎందుకు అన్నదానికి రికార్డు ఉండదు, ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. కాగితాల పేర్లు చెప్పి అడిగాం. చెరువు మెమోయిర్ (దాని వివరాల రికార్డు), ఎఫ్‌టీఎల్ మ్యాపు, కాల్వ మీద చేసిన చివరి పని అంచనా, దాని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ నకలు. అసలు ఆ పనిని చూడటానికీ అదే చట్టంలో హక్కుంది, దాన్నీ అడిగాం. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు గడువు 30 రోజులు.

దరఖాస్తు బొమ్మను మాత్రమే పెడితే గూగుల్‌కూ అందదు, చూపులేని వాళ్ల స్క్రీన్ రీడర్‌కూ అందదు. అందుకని పేరు, అడ్రసు తీసేసి మొత్తం టైపు చేసి పెట్టాం. ఇంకో ఊరివాళ్లు ఖాళీలు పూరించుకుని వాడుకోవచ్చు. ఈ పని చేస్తున్నప్పుడే శాఖల సైట్లలో మాకు పనికొచ్చే పేజీలన్నిటినీ వెబ్ పేజీల పాత ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషిన్‌లో సేవ్ చేయించాం. ప్రభుత్వ సైట్లు కొత్త చొక్కా తొడుక్కుంటే పాత జేబులో కాగితాలు పోతుంటాయి.

హస్త, బతుకమ్మ రోజులు

ఊరంతా చెరువు గట్టుకు వచ్చే రోజులివి. పేజీని కాగితం మీదికి దించాం. ఏ3లో మ్యాపు, కింద నాలుగు వరుసలు, మూలన క్యూఆర్. పంచాయతీ నోటీసు బోర్డు, హోటల్, రేషన్ షాపు.

క్యూఆర్ గురించి రెండు మాటలు. ఉచితం అని చెప్పే కొన్ని సైట్లు మన అడ్రసును కాక తమ అడ్రసును అందులో దాస్తాయి. ట్రయల్ గడువు తీరితే గోడమీది కాగితం గుడ్డిదవుతుంది. స్టాటిక్ (మన అడ్రసే నేరుగా ఉండేది) అని ఉన్నదే చేయించుకోవాలి. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ కారు విడిభాగాల లెక్కకు చేసిన గుర్తు ఇది. ఫ్యాక్టరీలో మరకలు తప్పవు కాబట్టి దెబ్బతిన్నా చదివేలా కట్టారు. అన్నిటికంటే గట్టి స్థాయి తీసుకుంటే దాదాపు 30 శాతం చెడినా ఫోన్ చదువుతుంది. మేం అదే తీసుకున్నాం. అడ్రసు చిన్నదైతే గళ్లు పెద్దవవుతాయి. మృగశిరలో పెట్టిన చిన్న పేర్లు ఇక్కడ అక్కరకొచ్చాయి.

నిజం చెప్పాలంటే క్యూఆర్ స్కాన్ చేసినవాళ్ల కంటే కాగితం ముందు నిలబడి మ్యాపు మీద వేలు పెట్టి వాదించుకున్నవాళ్లే ఎక్కువ. "కల్వర్టు గీడ కాదు, గాడ" అని ఒక పెద్దమ్మ చెబితే వెళ్లి చూసి మ్యాపు దిద్దాం.

స్వాతి

ఎక్కడిదాకా వచ్చింది?

ఇరిగేషన్ వాళ్లు వచ్చి కాల్వ వెంట నడిచారు. మ్యాపు ప్రింటు వాళ్ల చేతిలో ఉంది, మేమిచ్చిందే. కల్వర్టు దగ్గర జేసీబీతో మట్టి తీశారు. ప్లాట్ల పక్కన ఉన్నది అలాగే ఉంది. సమాచార హక్కు జవాబు వచ్చింది. అంచనా, మెజర్‌మెంట్ బుక్ ఇచ్చారు, ఎఫ్‌టీఎల్ మ్యాపు ఊసు లేదు. మొదటి అప్పీలుకు 30 రోజులుంది, సంఘం వాళ్లు రాస్తున్నారు. వచ్చిన లెక్కలను పిల్లలు షీట్‌లోకి ఎక్కిస్తున్నారు. పొడవు, వెడల్పు, లోతు గుణించి ఎన్ని ఘనపు మీటర్లో తేల్చడం ఇప్పుడు లెక్కల టీచర్ చేతికి వెళ్లింది. అర్జీ సంగతి కాదు, ఘనపరిమాణం పాఠం.

బ్లాగు గణాంకాల్లో ఒకటి మేం అనుకోనిది. రాత్రిపూట చదివేవాళ్లలో ఎమిరేట్స్, సౌదీ పేర్లు పైన ఉన్నాయి. ఊరు విడిచి గల్ఫ్ వెళ్లినవాళ్లు. నీరటి తాత టపా కింద వాళ్ల మాటలే ఎక్కువ. ఒకాయన కాల్వ వెనకటి ఫొటో పంపాడు, అందులో నిండుగా నీళ్లు. కాల్వ వెడల్పుకు అంతకంటే మంచి సాక్ష్యం మా దగ్గర లేదు. తీసినాయన అనుమతి అడిగి, పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకోనిచ్చే సీసీ బై-ఎస్ఏ లైసెన్సుతో, వికీపీడియా ఫొటోల నిల్వ అయిన వికీమీడియా కామన్స్‌లో ఆయన చేతనే ఎక్కించాం. బ్లాగర్ బ్యాకప్ ఫైల్లో రాతలుంటాయి గానీ ఫొటోలుండవు, వాటి లింకులే ఉంటాయి. ముఖ్యమైన ఫొటోలన్నీ రెండో చోట ఉండాల్సిందే.

పేజీకి రెండో అడ్మిన్‌గా సంఘంలోంచి డిగ్రీ చదివే అమ్మాయి వచ్చింది. పిల్లలకు అడ్మిన్ ఇవ్వం. 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. చట్టం లేకున్నా మేం అంతే చేసేవాళ్లం. వాళ్ల రాతల కింద 'తొమ్మిదో తరగతి' అని మాత్రమే ఉంటుంది. దానికి ఒకడు అలిగాడు, వాడి కోసం తరగతి గోడ మీద అందరి పేర్లతో చార్టు పెట్టాం.

ఇక మిగిలినవి. అప్పీలు పోస్టు చేయాలి. ప్లాట్ల పక్కన మట్టికుప్పల ఫొటోలు వాన తగ్గాక మళ్లీ తీయాలి. ఎగువ చెరువు ఊరి బడి వాళ్లు తమకూ ఇలాంటి పేజీ కావాలన్నారు. మా నోట్‌ప్యాడ్ ఫైలు, దరఖాస్తు నమూనా, మ్యాపు చేసే పద్ధతి పెన్‌డ్రైవ్‌లో వేశాం. శనివారం సార్ బండి మీద వెళ్లి ఇచ్చి వస్తాం.